వెనక లైటు ఎందుకు వెలగడం లేదు?
సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో చేయించదగిన కరెంటు పాఠం



సెలవులు దగ్గరపడగానే మీలో చాలామంది అడిగే మాట ఒకటే: "ఈ పది రోజులూ పిల్లల చేత ఏం చదివించమంటారు?" ఈసారి మేము పుస్తకం పేరు చెప్పడం లేదు. మీ ఇంటి ముందున్న స్కూటరు చాలు. ఊళ్ళో తాతగారింట్లో ట్రాక్టరు, దాని వెనక తగిలించే ట్రాలీ ఉంటే ఇంకా మంచిది. దాని వెనక లైటు వెలుగుతోందా లేదా చూడమనండి. వెలగకపోతే కారణం పిల్లల చేతే కనిపెట్టించండి. ఏడో తరగతిలో వచ్చే విద్యుత్ వలయం, పదో తరగతిలో వచ్చే ఓమ్ నియమం, శ్రేణి సంధానం, సమాంతర సంధానం అన్నీ ఆ ఒక్క లైటు చుట్టూనే ఉన్నాయి.

నిరోధాల లెక్కలు పది నిమిషాల్లో చేసేసే పిల్లలు కూడా వెలగని బల్బు ముందు నిలబెడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దిక్కులు చూస్తారు. లెక్కలో తెలియనిది ఏదో ప్రశ్నలోనే రాసి ఉంటుంది. బండి దగ్గర ఆ ప్రశ్నను మనమే తయారుచేసుకోవాలి. ఈ నెల పాఠం ఆ పని నేర్పడానికే.

మనకు కనపడని లైటు

బండికున్న లైట్లలో నడిపే మనిషి కూర్చున్న చోటి నుంచి చూడలేనిది వెనక లైటు. హెడ్‌లైటు పోతే వీధి మలుపు తిరగకముందే తెలుస్తుంది. వెనకది పోతే ఎవరైనా పక్కకు వచ్చి చెప్పాలి. చెప్పేవాళ్ళు లేకపోతే నెలల తరబడి అలాగే తిరుగుతాం. ఆ లైటు అవసరం మనకంటే వెనక వచ్చేవారికి ఎక్కువ. అయితే స్కూటరు మీద వెనక కూర్చునేది మన పిల్లలే అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

సార్వా కోతలు ముగిసి ధాన్యం బస్తాలు మిల్లులకు చేరే రోజులివి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గుడివాడ వైపు రోడ్ల మీద తెల్లవారుజామునా, పొద్దుగూకాకా ట్రాక్టర్లు కనపడతాయి. దానికి తోడు మంచు. పైగా కలకత్తా, చెన్నైలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారీ, పుణె నుంచి మచిలీపట్నం దాకా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారీ మన విజయవాడలోనే కలుస్తాయి. గంటకు 80 కిలోమీటర్లతో వచ్చే బండి, గంటకు 20తో పోయే ట్రాలీ ఒకే రోడ్డు మీద ఉంటాయి.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి కనపడాలి. ఈ అంకె ఎందుకు అంత పెద్దదో మీ తొమ్మిదో తరగతి అబ్బాయినో అమ్మాయినో లెక్క వేయమనండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 16.7 మీటర్లు. ముందున్నది చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. ఆలోపే బండి 25 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే ఆగడానికి మరో 28 మీటర్లు కావాలి. మొత్తం 53 మీటర్లు. అదే బండి 80లో వస్తే మొత్తం 83 మీటర్లు. వేగం మూడో వంతు పెరిగితే ఆగే దూరం సగానికి పైగా పెరిగింది. డిప్పు లైటులో, మంచు పట్టిన రోడ్డు మీద, లైటు లేని ట్రాలీ 83 మీటర్ల ముందే కనపడుతుందని నమ్మలేం. ఎర్ర లైటు వెలుగుతుంటే 155 మీటర్ల నుంచే కనపడాలి.

ట్రాలీ దగ్గర పాఠం బాగా వస్తుంది

ట్రాలీకి సొంత బ్యాటరీ ఉండదు. దాని లైట్లకు కరెంటు ట్రాక్టరు నుంచి ఒక వైరు కట్ట, దాని చివర ఒక ప్లగ్గు ద్వారా రావాలి. ఆ ప్లగ్గును తగిలిస్తారు, విప్పుతారు, విప్పినప్పుడు నేల మీద పడేస్తారు. ట్రాలీ మడిలో దిగుతుంది, బురద పట్టుకుంటుంది, కాలువ గట్టు మీద నీళ్ళతో కడిగించుకుంటుంది. బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలి. కైకలూరు వైపు నుంచి చేపలు, ఐసు మోసే వ్యాన్ల వెనక నీళ్ళు కారుతూనే ఉంటాయి. తడి, ఉప్పు కలిస్తే ఇనుము తుప్పు పడుతుంది, రాగి, ఇత్తడి చిలుము పడతాయి. లైట్లు పోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

స్కూటరులో దారి చిన్నది, ప్లగ్గు లోపల ఉంటుంది. కానీ ప్రశ్నలు అవే, వాటి వరుసా అదే. కాబట్టి ఊరు వెళ్ళని వారు స్కూటరుతోనే ఈ పాఠం చేయించవచ్చు.

వెళ్ళే దారి, తిరిగి వచ్చే దారి

పిల్లలకు ముందుగా ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుబడాలి. కరెంటు బల్బు దాకా వెళ్ళడంతో పని అయిపోదు. తిరిగి బ్యాటరీకి చేరాలి. వెళ్ళే దారి తెగినా, వచ్చే దారి తెగినా బల్బు ఒకేలా ఆరిపోతుంది.

బల్బు నుంచి బ్యాటరీకి వెనక్కు వెళ్ళే వైరు చాలా చోట్ల విడిగా కనపడదు. బండి ఇనుప చట్రమే ఆ వైరు పని చేస్తుంది. దాన్నే మన మెకానిక్కులు ఎర్త్ అంటారు. ఆ పేరు విని పిల్లలు కరెంటు నేలలోకి పోతోందనుకుంటారు. టైర్లు రబ్బరువి, నేలకు సంబంధమే లేదు. ఇనుము మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు చేరడమే ఇక్కడ ఎర్త్.

ట్రాలీ విషయంలో ఇబ్బంది ఇక్కడే ఉంది. ట్రాలీ చట్రం వేరు, ట్రాక్టరు చట్రం వేరు. రెండింటినీ కలిపేది గ్రీజు పూసిన ఒక పిన్ను. కదలకుండా ఉన్నంతసేపు ఆ పిన్ను ద్వారా కరెంటు పోవచ్చు, గతుకు వస్తే పోకపోవచ్చు. అందుకే ప్లగ్గులో ఎర్త్ కోసం విడిగా ఒక పిన్ను, ఒక వైరు ఉండాలి. చాలా ట్రాలీల్లో ఆ వైరు ఎప్పుడో తెగి ఉంటుంది, కొన్నిటిలో అసలు వేసి ఉండరు.

మొదలుపెట్టే ముందు

పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఈ పని చేయించకండి. బండి చదునైన నేల మీద ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి చక్రాల కింద రాళ్ళు పెట్టాలి. హైడ్రాలిక్ మీద పైకి లేపిన ట్రాలీ కిందకు ఎవరూ వెళ్ళకూడదు. చేతి ఉంగరాలు, గాజులు, గడియారాలు తీసేయాలి. 12 వోల్టులు షాకు కొట్టవు కానీ, బ్యాటరీ రెండు కొసల మధ్య ఉంగరం పడితే అది క్షణంలో కాలిపోతుంది, వేలునూ కాలుస్తుంది. ఇంటి గోడల్లో వచ్చే 230 వోల్టుల కరెంటు మీద ఈ ప్రయోగాలేవీ చేయకూడదని మొదటే చెప్పండి.

కావలసిన సామాను కొంచెమే. రెండు వైర్లు కలిపిన 12 వోల్టుల, 21 వాట్ల బల్బు ఒకటి, దీన్ని టెస్ట్ బల్బు అందాం. మూడు నాలుగు మీటర్ల విడి వైరు, ఒక ఉప్పుకాగితం ముక్క, స్క్రూడ్రైవరు, ఇన్సులేషన్ టేపు, ఒక నోటుబుక్కు. టెస్ట్ బల్బు కాసేపటికే బాగా వేడెక్కుతుంది, గాజు ముట్టుకోనివ్వకండి. కంప్యూటరు, ఎల్ఈడీ లైట్లు ఉన్న కొత్త కార్ల మీద ఈ బల్బు వాడవద్దు. వాటికి మల్టీమీటరు వాడాలి. వారంటీలో ఉన్న బండి అయితే వైర్ల జోలికి పోకుండా చూసి రాసుకోవడం వరకే చేయించండి.

ఐదు ప్రశ్నలు, ఈ వరుసలోనే

మొదటి ప్రశ్న: ఏది వెలుగుతోంది, ఏది వెలగడం లేదు? ఏ వైరూ ముట్టుకోకముందే ఈ పట్టిక రాయించండి. ఒకరు సీటులో కూర్చుని వరుసగా పార్కింగు లైటు, బ్రేకు, ఎడమ ఇండికేటరు, కుడి ఇండికేటరు వేయాలి. మరొకరు వెనక నిలబడి కుడి, ఎడమ విడివిడిగా రాయాలి. ఒక్క వైపు ఒక్క లైటే పోతే తప్పు ఆ బల్బు దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ. రెండు వైపులా ఒకే రకం లైటు పోతే ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్యూజునో, స్విచ్చినో, ప్లగ్గు పిన్నునో అనుమానించాలి. అన్నీ పోతే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? ప్లగ్గు, ఎర్త్. సగం జవాబు ఈ పట్టికలోనే దొరుకుతుంది.

రెండో ప్రశ్న: బల్బు బాగుందా? వెనక లైట్లలో తరచూ కనపడే బల్బు మీద 21/5 వాట్లు అని రాసి ఉంటుంది. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు. 5 వాట్లది రాత్రంతా వెలిగేది, 21 వాట్లది బ్రేకు వేసినప్పుడు వెలిగేది. ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది కాబట్టి "బ్రేకు లైటు వెలుగుతోంది, బల్బు బాగానే ఉంది" అనేయకూడదు. బల్బు పక్కనున్న రెండు చిన్న పిన్నులు ఒకే ఎత్తులో ఎందుకు లేవో పిల్లలను అడగండి. తిరగేసి పెడితే 5, 21 తారుమారవుతాయి. అలా జరగకుండా తయారుచేసినవాళ్ళు చేసిన ఏర్పాటు అది. బల్బు బయటికి తీసి నేరుగా బ్యాటరీకి వైర్లతో తగిలిస్తే బాగుందో లేదో తేలిపోతుంది.

మూడో ప్రశ్న: ఫ్యూజు బాగుందా? కాలిన ఫ్యూజు స్థానంలో అదే అంకె ఉన్న కొత్త ఫ్యూజు వేయాలి. మళ్ళీ కాలితే వైరు ఎక్కడో ఒరుసుకుని చట్రానికి తగులుతోందని అర్థం. అప్పుడు పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో రాగి పోగో చుట్టడం మన దగ్గర చాలామందికి అలవాటు. ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది. పిల్లల ముందు ఆ పని చేయకండి, చేస్తుంటే ఆపండి.

నాలుగో ప్రశ్న: కరెంటు ఎక్కడి దాకా వచ్చింది? బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, ట్రాక్టరు వెనక సాకెట్టు, ట్రాలీ ప్లగ్గు, ట్రాలీ కింద వైర్లు అతికిన చోటు, బల్బు హోల్డరు, బల్బు. మొత్తం ఎనిమిది మజిలీలు. మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే ఎనిమిదిసార్లు చూడాల్సి రావచ్చు. మధ్యలో మొదలుపెడితే మూడుసార్లు చాలు. టెస్ట్ బల్బు ఒక వైరును ట్రాక్టరు బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, రెండోదాన్ని సాకెట్టులో పార్కింగు లైటు పిన్నుకు ఆనించండి. వెలిగితే ట్రాక్టరు వైపు నాలుగూ బాగున్నట్టు, తప్పు ట్రాలీ వైపు నాలుగిటిలో ఉంది. మిగిలిన నాలుగిటిలో మళ్ళీ మధ్యలో చూడాలి, తర్వాత మిగిలిన రెండిటిలో. కంప్యూటరు పాఠంలో సగం సగం చేసి వెతకడం అని చెప్పేది ఇదే పద్ధతి. మాటల్లో విన్నప్పటి కంటే ట్రాలీ దగ్గర చేసినప్పుడు బాగా గుర్తుంటుంది.

ఇక్కడ వైర్ల రంగుల గురించి ఒక మాట. ఏడు పిన్నుల ట్రాలీ ప్లగ్గుకు ఐఎస్ఓ 1724 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ఎర్త్ తెలుపు, ఎడమ ఇండికేటరు పసుపు, కుడి ఇండికేటరు ఆకుపచ్చ, బ్రేకు ఎరుపు, వెనక లైట్లు ఒకటి నలుపు, ఒకటి గోధుమ రంగు. అమెరికాలో వాడే పద్ధతి వేరు. ఇక మన ఊరి ట్రాలీకి ఆ రోజు షాపులో ఏ రంగు వైరు దొరికితే అదే వేసి ఉంటారు. అందుకని రంగును నమ్మవద్దు, టెస్ట్ బల్బును నమ్మాలి. తేలిన రంగుల పట్టికను పిల్లల చేత రాయించి ట్రాక్టరు టూల్ బాక్సులో పెట్టించండి. వచ్చే ఏడాది బాగుచేసేవారికి అది సగం పని తగ్గిస్తుంది.

ఐదో ప్రశ్న: కరెంటు తిరిగి వస్తోందా? బల్బు బాగుంది, హోల్డరు దాకా కరెంటు వచ్చింది, అయినా వెలగడం లేదంటే మిగిలింది ఎర్త్. విడి వైరు ఒక కొసను ట్రాక్టరు బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, రెండో కొసను లైటు హోల్డరు ఇనుప భాగానికి గట్టిగా ఆనించండి. లైటు ఒక్కసారిగా వెలిగితే తప్పు దొరికినట్టే. ఎర్త్ బోల్టు విప్పి, కింద ఉన్న రంగు, తుప్పు, చిలుము ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, మళ్ళీ బిగించి, పైన కొంచెం గ్రీజు రాయాలి. రంగు మీద బోల్టు బిగిస్తే కరెంటుకు దారి ఉండదు. కొత్తగా పెయింటు వేయించిన ట్రాలీల్లో లైట్లు పోవడానికి ఇదొక కారణం.

బ్రేకు తొక్కితే పార్కింగు లైటు ఎందుకు వెలుగుతుంది?

కొన్ని బండ్లలో లైట్లు దెయ్యం పట్టినట్టు ప్రవర్తిస్తాయి. పార్కింగు స్విచ్చి వేయలేదు, బ్రేకు తొక్కితే కుడి, ఎడమ పార్కింగు లైట్లు మసకగా వెలుగుతాయి. కుడి బ్రేకు లైటు మాత్రం వెలగదు. దీన్ని మీ పదో తరగతి పిల్లలకు పొడుపుకథలా ఇవ్వండి.

విప్పేది ఇలా. కుడి లైటు ఎర్త్ పోయింది. బ్రేకు వైరు నుంచి కరెంటు కుడి బల్బులోని 21 వాట్ల ఫిలమెంటులోకి వచ్చింది. బయటికి పోయే దారి మూసుకుపోయింది. అదే బల్బులో 5 వాట్ల ఫిలమెంటు పక్కనే ఉంది, దాని గుండా వెనక్కు పార్కింగు వైరులోకి ఎక్కింది. ఆ వైరు ఎడమ లైటుకు కూడా పోతుంది కదా, అక్కడి 5 వాట్ల ఫిలమెంటు గుండా ఎడమ ఎర్త్‌కు చేరింది. సమాంతరంగా ఉండవలసిన మూడు ఫిలమెంట్లు శ్రేణిలో పడ్డాయి. 12 వోల్టులను ముగ్గురూ పంచుకున్నారు, నిరోధం తక్కువైన 21 వాట్ల ఫిలమెంటుకు అతి తక్కువ వాటా వచ్చింది, అందుకే అది వెలగలేదు. పుస్తకంలో శ్రేణి, సమాంతరం పక్కపక్కన వేసిన రెండు బొమ్మలు. ఇక్కడ ఒక బోల్టు వదులైతే రెండో బొమ్మ మొదటి బొమ్మగా మారిపోయింది.

ఇండికేటరు వేస్తే పార్కింగు లైటు కూడా దానితో పాటు మినుకుమన్నా అనుమానం ఎర్త్ మీదే. ఆగి ఉన్నప్పుడు బాగా వెలిగి గతుకుల్లో ఆరిపోతే వదులైన అతుకో, ఒరుసుకున్న వైరో. ఇండికేటరు ఉన్నట్టుండి గబగబా కొట్టుకుంటే చాలా బండ్లలో ఆ వైపు ఒక బల్బు పోయిందని గుర్తు.

2 ఓముల తుప్పు ఎంత వెలుగు తింటుంది?

లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకు ఇది. పార్కింగు, బ్రేకు రెండూ వెలుగుతున్నప్పుడు ఒక లైటు వాడేది 26 వాట్లు. 12 వోల్టుల దగ్గర కరెంటు సుమారు 2.2 ఆంపియర్లు, నిరోధం సుమారు 5.5 ఓములు. ఇప్పుడు ఎర్త్ బోల్టు కింద తుప్పు వల్ల 2 ఓముల నిరోధం చేరిందనుకోండి. మొత్తం 7.5 ఓములు, కరెంటు 1.6 ఆంపియర్లు. బల్బుకు దక్కేది 8.8 వోల్టులు, అంటే 14 వాట్లు. దాదాపు సగం పోయింది. ఫిలమెంటు చల్లబడితే వెలుగు అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. వేడెక్కిన ఫిలమెంటు నిరోధం, చల్లారిన ఫిలమెంటు నిరోధం ఒకటి కావు కాబట్టి ఇవి ఉజ్జాయింపు అంకెలేనని కూడా చెప్పండి. 155 మీటర్ల నుంచి కనపడవలసిన లైటు ఎంత దగ్గరికి వస్తే కనపడుతుందో రాత్రి పూట పొలం దారిలో నిలబడి అడుగులతో కొలిస్తే తెలుస్తుంది.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. అదే లైటులో బల్బు తీసేసి హోల్డరు దగ్గర మల్టీమీటరు పెడితే పూర్తిగా 12 వోల్టులు చూపిస్తుంది. "కరెంటు బాగానే వస్తోంది" అని మోసపోతాం. బల్బు లేనప్పుడు కరెంటు పారదు, కరెంటు పారనప్పుడు తుప్పు దగ్గర వోల్టేజి పడిపోదు. ఓమ్ నియమంలో కరెంటు సున్నా అయితే వోల్టేజి నష్టమూ సున్నా. అందుకే బరువు పెట్టి చూడాలి, బల్బు పెట్టి వెలిగించి కొలవాలి. టెస్ట్ బల్బు 21 వాట్లది తీసుకోమన్నది ఇందుకే. ఎక్కువ కరెంటు లాగితేనే బలహీనమైన అతుకు బయటపడుతుంది.

తాళాలు చేసేవారి అబ్బాయి

"మా వాడిని మెకానిక్కును చేద్దామనుకోవడం లేదండీ" అని మీలో ఎవరైనా అనుకుంటే, ఆ నియమం ఎవరి పేరు మీద ఉందో చూడండి. గేయోర్గ్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టారు. తండ్రి తాళాలు చేసే పనివారు. పెద్ద చదువు చదవలేదు, సొంతంగా లెక్కలు, సైన్సు నేర్చుకుని ఇద్దరు కొడుకులకు ఇంట్లోనే చెప్పారు. చిన్నవాడు మార్టిన్ గణిత శాస్త్రజ్ఞుడయ్యాడు. గేయోర్గ్ కొలోన్ నగరంలో స్కూలు మాస్టరుగా పనిచేస్తూ, తన ప్రయోగాలకు కావలసిన పరికరాలు తానే చేసుకుని కరెంటును కొలిచారు. 1827లో ఆ ఫలితాలతో పుస్తకం వేస్తే మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. ఇంట్లో నేర్చుకున్న చేతిపని, లెక్క కలిసే ఆ నియమం పుట్టింది.

అలాంటి చేతులు మన ఊళ్ళోనూ ఉన్నాయి. 1966లో ఏర్పడిన జవహర్ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టేవారు, వైరింగు చేసేవారు, పాత ఇంజన్లను బతికించేవారు తరాలుగా పనిచేస్తున్నారు. మీకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉంటే, రద్దీ లేని వేళ చూసి పిల్లలను ఒక గంట తీసుకెళ్ళండి. "అన్నా" అనో "బాబాయ్ గారూ" అనో మర్యాదగా పలకరించి ఒకే ప్రశ్న అడగమనండి: "బండి వచ్చాక మీరు మొట్టమొదట ఏం చూస్తారు?" ఆ జవాబు నోటుబుక్కులో రాసుకోవాలి. లారీల్లో 12 కాకుండా 24 వోల్టులు ఎందుకు వాడతారో కూడా అక్కడే అడగవచ్చు. అదే 21 వాట్ల బల్బుకు 24 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు చాలో ఇంటికొచ్చాక లెక్క కట్టమనండి.

ఏ తరగతి వారికి ఏ పని

మూడు నుంచి ఐదో తరగతి పిల్లలు మొదటి ప్రశ్న వరకే చేస్తే చాలు. వెనక నిలబడి ఏది వెలిగిందో చెప్పి, పట్టికలో టిక్కు పెట్టాలి. ఇంట్లో ఉన్న బండ్లన్నిటికీ ఈ పట్టిక తయారుచేయవచ్చు.

ఆరు నుంచి ఎనిమిది వారు టార్చి సెల్లు, చిన్న బల్బు, రెండు వైర్లతో ముందు వలయం చేసి చూడాలి. ఒక వైరు బదులు స్టీలు చెంచా వాడితే ఎర్త్ అంటే ఏమిటో తెలుస్తుంది. చెంచాకు గోళ్ళ రంగు పూసి ఆరాక మళ్ళీ చూస్తే పెయింటు మీద బిగించిన బోల్టు కథ అర్థమవుతుంది. తర్వాత పెద్దల పక్కన నిలబడి ఐదు ప్రశ్నలూ వరుసగా చేయవచ్చు.

తొమ్మిది, పది వారు ఆగే దూరం లెక్క, 2 ఓముల లెక్క, పొడుపుకథకు వలయం బొమ్మ ఈ మూడూ చేయాలి. మార్కులు లేవు, స్లిప్ టెస్టు కూడా లేదు.

మీరు చేయవలసింది ఒకటి ఉంది, అది కొంచెం కష్టం. జవాబు తెలిసినా చెప్పకండి. పిల్లలు ఆగిపోయిన చోట "ఇప్పుడు కరెంటు ఎక్కడి దాకా వచ్చింది? నీకెలా తెలుసు?" అని మాత్రం అడగండి. రెండో ప్రశ్న ముఖ్యం. "అనుకుంటున్నాను" అంటే ఇంకా టెస్ట్ బల్బు పెట్టలేదని అర్థం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. బల్బు, ఫ్యూజు, ఎర్త్ మూడూ ఒకేసారి మార్చేస్తే లైటు వెలుగుతుంది కానీ తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

లైటు బాగయ్యాక

ట్రాలీ వెనక రెండు మూలలా ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు అంటించండి. ఉన్నవాటి మీద బురద ఉంటే తుడిపించండి. రిఫ్లెక్టరుకు వైరు లేదు, ఫ్యూజు లేదు, ఎర్త్ లేదు. వెనక బండి లైటు పడినప్పుడు దానంతట అదే మెరుస్తుంది. లైటు మళ్ళీ ఎప్పుడో ఒక రోజు దారిలో ఆరిపోవచ్చు, ఆ రోజుకు అది ఉండాలి. ధాన్యం బస్తాలు, గడ్డి మోపులు వేలాడి లైట్లను, రిఫ్లెక్టర్లను కప్పేయకుండా చూడమని నడిపేవారికి చెప్పడం కూడా పిల్లల పనే చేయండి. తాతయ్యకు మనవరాలు చెబితే వింటారు.

సెలవుల తర్వాత పిల్లలు ఒక పేజీ రాసి ఫిజిక్స్ టీచరుకు ఇవ్వాలి. ఏం కనపడింది, ఏం అనుమానించాం, ఎలా పరీక్షించాం, ఏం తేలింది. లైటు బాగవకపోయినా పేజీ ఇవ్వవచ్చు, ఎక్కడి దాకా వెళ్ళారో రాస్తే చాలు. మిగిలింది క్లాసులో అందరూ కలిసి ఆలోచిస్తారు. ఈలోగా ఈ రోజు సాయంత్రం మీ స్కూటరు తాళం పిల్లలకు ఇచ్చి, ఒకసారి వెనక్కు వెళ్ళి నిలబడమనండి. బ్రేకు మీరు పట్టుకోండి.